చెలమ నీళ్లు

కుళ్లిన కోడిగుడ్డు వాసనతో త్రేన్పులు మొదలైన రోజు నాకు అడవి అసలు గుర్తుకే రాలేదు. తిరిగొచ్చి అప్పటికి పది రోజులైంది. తిన్నది ఏదో పడలేదనుకున్నాను.

ట్రెక్కింగ్‌లో దారి తప్పాం, నేనూ నా ఫ్రెండూ. వాడి మడమ బెణికింది. తెచ్చుకున్న నీళ్లు మొదటి రోజు సాయంత్రానికే అయిపోయాయి. రెండో రోజు మధ్యాహ్నానికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, మూత్రం ముదురు పసుపులోకి మారి ఆ తర్వాత రావడం మానేసింది. వాడు "మూత్రమే తాగుదామా?" అన్నాడు, నవ్వకుండా. అందులో ఉప్పు మన దాహాన్ని ఇంకా పెంచుతుందని ఎక్కడో చదివాను కాబట్టి వద్దన్నాను.

పల్లం వైపు దిగితే ఎండిన వాగు కనిపించింది. మలుపు తిరిగే చోట, బయటి ఒడ్డు కింద, కాస్త పచ్చగా గడ్డి ఉంది. అక్కడ చేతులతోనే చెలమ తవ్వాను. మోచేతి లోతు దాకా పొడి ఇసుకే. తర్వాత గోళ్లకి చల్లగా తగిలింది. ఇసుక ముద్దగా మారింది, గుంట అడుగున బురద నీళ్లు ఊరడం మొదలైంది. మొదటిసారి ఊరినవి తోడిపోసి, రెండోసారి ఊరినవి రుమాలు మడతల్లోంచి వడకట్టాను. తేటగా కనిపించాయి. తాగేశాం.

బ్యాగులో లైటర్ ఉంది. చేతిలో ఒంటి పొర స్టీల్ బాటిల్ ఉంది. చుట్టూ ఎండు పుల్లలు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం ఉంచితే చాలు, 2000 మీటర్ల పైన ఉంటే మూడు నిమిషాలు. అంతే పని. రుమాలు బురదనే ఆపుతుంది గానీ మిల్లీమీటరులో వందో వంతున్న క్రిమిని ఆపదు.

మర్నాడు వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి వాగు పక్కనే దొరికాం.

ఇక జబ్బు సంగతి. పొట్ట డోలులా ఉబ్బేది. విరేచనం జిడ్డుగా, నీళ్లమీద తేలుతూ, భరించలేని కంపు. జ్వరం లేదు, రక్తం పడలేదు, అందుకే మొదట చూపించుకున్న చోట గ్యాస్‌కి మాత్రలిచ్చి పంపారు. మూడు వారాల్లో ఆరు కిలోలు తగ్గాను. తప్పు నాది కూడా, వాగు నీళ్ల సంగతి నేను చెప్పలేదు. ఇంకో డాక్టరుగారు "ఈ మధ్య బయట ఎక్కడైనా నీళ్లు తాగారా?" అని అడిగాక గానీ లైటు వెలగలేదు.

మొదటి మల పరీక్షలో ఏమీ రాలేదు. ఈ క్రిమి రోజూ బయటపడదట, అందుకే వేర్వేరు రోజుల్లో మూడు శాంపిల్స్ ఇమ్మన్నారు. రెండోదాంట్లో దొరికింది: జియార్డియా. 1681లో లీవెన్‌హుక్ అనే డచ్ పరిశోధకుడు తన సొంత విరేచనాన్నే మైక్రోస్కోపు కింద పెట్టుకుని దీన్ని చూశాడని చదివి, ఆ నీరసంలోనూ నవ్వొచ్చింది. టినిడజోల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, తిన్నాక ఒకేసారి వేసుకోమన్నారు. రెండు రోజులు నోట్లో ఇనుము నాకినట్టు ఉంది. నాలుగో రోజుకి పొట్ట దిగింది.

నేనడిగాను, "అసలు తాగకుండా ఉండాల్సిందా?" అని. ఆయన వెంటనే, "తాగకపోతే నా దగ్గరిదాకా వచ్చేవారే కాదు" అన్నారు. క్రిమికి వారం పడుతుంది, దాహం అన్నాళ్లు ఆగదు.

విచిత్రమేంటంటే అదే చెలమలో నాకంటే ఎక్కువ తాగిన మావాడికి ఏమీ కాలేదు. పరీక్ష చేయిస్తే వాడిలోనూ క్రిమి ఉంది, లక్షణాలే లేవు. "నా కాలు చాల్లేదా రా?" అన్నాడు మాత్రలు మింగుతూ.

క్రిమి పోయినా పాలు మాత్రం నెలన్నర పడలేదు. పేగు పొర కోలుకునేదాకా అంతేనట. మొన్న అర గ్లాసు తాగి, పొట్టమీద చెయ్యేసుకుని గంటసేపు కూర్చున్నాను. చప్పుడు లేదు. మిగతా సగం కూడా తాగేశాను.