అరుపుకి ముందు ఏం జరిగిందో చూడండి

ఆటిజం ఉన్న పిల్లల్ని చూసి జనం చటుక్కున అనేసే మాట "మొండి". నాకు అస్సలు గిట్టని మాట అది. మా అబ్బాయికి ఆటిజం ఉంది, వాడు చెవులు మూసుకుని కింద పడి అరుస్తుంటే "రెండు తగిలించండి, దారికొస్తాడు" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. మారాం చేసే పిల్లాడు ఏడుస్తూనే మనవైపు ఓ కన్నేసి ఉంచుతాడు, అడిగింది చేతిలో పెడితే ఆపేస్తాడు. మా వాడికి వచ్చేది మెల్ట్‌డౌన్, అంటే తట్టుకోలేక అదుపు తప్పిపోవడం, అది అలా కాదు. అప్పుడు ప్రాణంగా చూసుకునే బొమ్మ ఇచ్చినా విసిరికొడతాడు, ఎందుకంటే వాడు దేనికోసమో ఏడవట్లేదు, మీద పడుతున్న శబ్దాన్నీ వెలుతురునీ జనాన్నీ తట్టుకోలేకపోతున్నాడు. ఆ టైంలో మాటలు తగ్గించి, లైటు ఆర్పి, దగ్గర్లో కూర్చోవడమే మనం చేయగలిగింది. పాఠాలు తర్వాత.

అసలు పని అంతకుముందే ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ముందు ఏం జరిగింది, తర్వాత మనం ఏం చేశాం, ఇవి రాసిపెట్టుకుంటూ పోతే కారణం దానంతటదే బయటపడుతుంది. మా వాడు కొన్ని చొక్కాలు వేస్తే చాలు గింజుకునేవాడు. తిప్పి చూస్తే అన్నింటికీ మెడ వెనక గరుకు లేబుల్! దారప్పోగు కూడా మిగలకుండా వాటిని విప్పేశాక పొద్దున్న గొడవ చాలామటుకు తగ్గింది. తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోవడం కూడా పెద్ద టెన్షనే వీళ్లకి, అందుకే స్నానం, బట్టలు, టిఫిన్, స్కూలు బొమ్మల్ని వరసగా గోడకి అంటిస్తే, అయిపోయినదాన్ని వాడే తీసి డబ్బాలో వేస్తాడు.

కావాల్సింది బొమ్మ చూపించో, ట్యాబ్‌లో నొక్కో అడగడం అలవాటైతే ఇక మాటలు రావేమోనని చాలామంది భయపడతారు. పరిశోధనలు అలా చెప్పట్లేదు, కొందరు పిల్లల్లో మాట పెరిగింది కూడా. అడగడానికి ఒక దారి దొరికితే అరవాల్సిన అవసరం తగ్గుతుంది.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే "వాళ్ల నాన్నకీ లేటుగానే వచ్చాయి" అని ఊరుకోకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. 16 నుంచి 30 నెలల పిల్లలకి ఎంచాట్ అనే ప్రశ్నల పత్రం ఉంది, అది ఆటిజం ఉందని తేల్చదు గానీ పూర్తి పరీక్ష అవసరమో లేదో చెబుతుంది. స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. ఇక టీకాల వల్లే వచ్చిందనే మాట 1998లో వచ్చిన ఒక వ్యాసంతో పాకింది, దాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఆటిజాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. విపరీతమైన చిరాకు, తమని తాము గాయపరచుకోవడం లాంటివి ఉంటే రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి డాక్టర్లు ఇస్తారు, అదీ బరువు, రక్తపరీక్షలు గమనిస్తూ.

చేతులు ఆడించడం, గుండ్రంగా తిరగడం ఎవరికీ దెబ్బ తగలనంతవరకూ ఆపకండి, వాడు కుదురుకునే పద్ధతి అది. కానీ అప్పటిదాకా బాగానే ఉన్న పిల్లాడు ఉన్నట్టుండి తల బాదుకోవడం మొదలుపెడితే ముందు నొప్పిని అనుమానించండి: చెవిపోటు, పన్ను, మలబద్ధకం. తలకి దెబ్బ తగలకుండా కాచుకుంటూనే ఇంకొకరి చేత చిన్న వీడియో తీయించి డాక్టర్‌కి చూపించండి, ఎక్కడ నొప్పో వాడు చెప్పలేడు కదా.