లినక్స్ సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్ నిజంగా ఆగిందా?

నెట్‌లో ఉన్న లినక్స్ సర్వర్‌కి ముందు ఆపాల్సింది ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) పాస్‌వర్డ్ లాగిన్. పాస్‌వర్డ్‌కి బదులు వాడే కీ జతలో సర్వర్‌కి ఇచ్చే భాగమైన మీ పబ్లిక్ కీ ఎక్కించి, అది చేరే ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి 600, అది ఉన్న ఫోల్డర్‌కి 700 పర్మిషన్ ఇవ్వండి. ఇతరులూ రాయగలిగేలా వదిలేస్తే సర్వర్ ఆ కీని పట్టించుకోదు.

ఇక అసలు తిరకాసు. మెయిన్ కాన్ఫిగ్‌లో ‘పాస్‌వర్డ్ ఆథెంటికేషన్’ని ‘నో’ చేసినా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది! ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లలో (క్లౌడ్ సర్వర్ల కోసం ముందే సిద్ధం చేసిన ఉబుంటు లినక్స్) ఇది తరచూ ఎదురయ్యేదే. సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌ని నడిపే ప్రోగ్రామ్ ఎస్‌ఎస్‌హెచ్‌డీ ముందు చదివిన విలువనే ఖాయం చేసుకుంటుంది; మెయిన్ కాన్ఫిగ్ మొదట్లోనే వేరే ఫోల్డర్‌లోని ఫైళ్లను కలుపుకుంటుంది కాబట్టి అవే ముందు చదువుతుంది. వాటిలో 50తో మొదలయ్యే క్లౌడ్ ఇనిట్ (క్లౌడ్ సర్వర్‌ని మొదటిసారి సిద్ధం చేసే టూల్) ఫైల్‌లో ‘యెస్’ ఉంటే మీ మార్పు దండగే, అక్కడే మార్చాలి. ఎస్‌ఎస్‌హెచ్‌డీని పెద్ద ‘టీ’ ఆప్షన్‌తో నడిపితే ఫైళ్లన్నీ కలిపి చివరికి తేలిన విలువ చూపిస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్‌ని రీలోడ్ చేశాక పాత సెషన్ మూయకుండానే వేరే టెర్మినల్‌లో లాగిన్ అయి చూడండి. పోర్టు నంబరు మార్చడమంటారా? లాగ్‌లో రొద తగ్గుతుంది, అంతే.