అమ్మ మడమ పుండు

అమ్మ మడమ మీద పుండు మానడానికి చాలా టైమ్ పట్టింది. షుగర్ ఉంది కదా. రోజూ కట్టు మారుస్తూ, అసలు లోపల ఏం జరుగుతోందో చదవడం మొదలుపెట్టాను.

చర్మం తెగిన కాసేపటికే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి. చితికిన కణాల నుంచి కారే రసాయనాలే వాటికి కబురు. క్రిములను మింగి, అవీ చచ్చిపోతాయి. మనం ఛీ అనుకునే చీములో ఎక్కువ భాగం అవే! ఒకటి రెండు రోజులకు మాక్రోఫేజ్‌లు అనే ఇంకో రకం తెల్ల రక్తకణాలు వచ్చి ఆ చెత్తంతా తినేస్తాయి. తర్వాత తీరు మార్చుకుని, కొత్త కణజాలం పెరగమని సంకేతాలు ఇస్తాయి. షుగర్ ఉన్నవాళ్లలో చాలాసార్లు ఆ మార్పు దగ్గరే పని ఆగిపోతుంది, వాపు దశ సాగుతూనే ఉంటుంది. అమ్మకు చెబితే, "అయితే పసుపు పెట్టొద్దంటావా?" అంది.

కణాలు ఇలా దెబ్బ దగ్గరికి చేరి శరీరాన్ని కాపాడతాయని మొదట గుర్తించిన కథ ఇంకా బాగుంది. 1882లో ఇటలీ దీవి సిసిలీలోని మెస్సినాలో మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త నక్షత్రచేప డింభకాల్లోకి (పిల్లల్లోకి) గులాబీ ముళ్లు గుచ్చాడు. తెల్లారి చూస్తే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. 1908లో ఆయనకు జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. పెద్ద ల్యాబ్ కూడా కాదు, ఇంట్లోనే మైక్రోస్కోప్ పెట్టుకుని చేశాడు మహానుభావుడు.