కంటైనర్ ఎక్కబోయే పాత సైకిళ్లు: ఈ విడత పని ఎంతవరకు వచ్చిందంటే

ఈ విడతలో వచ్చిన సైకిళ్లలో సగానికి పైగా సిద్ధమయ్యాయి. పెడల్స్ విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, చీటీ కట్టి గోడ వారగా వరుసలో పెట్టేశాం. మిగిలినవన్నీ చక్రాల పనో, బీబీ (పెడల్ చేతుల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్) పనో ఉన్నవే. సులువుగా అయ్యేవి ముందే చేసేసుకున్నాం కాబట్టి ఇక పని నెమ్మదిగానే సాగుతుంది.

ఇళ్లలో వాడకుండా పడి ఉన్న సైకిళ్లు సేకరించి, బాగు చేసి, కంటైనర్లు పంపే సంస్థకు అప్పగించడం మా పని. వాళ్లు వాటిని ఆఫ్రికాలోని రిపేరు కేంద్రాలకు చేరుస్తారు. 40 అడుగుల కంటైనర్‌లో పద్ధతిగా సర్దితే 400 నుంచి 500 సైకిళ్ల దాకా పడతాయి. ఒక్కో సైకిల్ ఆక్రమించే చోటుకు రవాణా ఖర్చు ఉంటుంది కాబట్టి, పనికిరాని బండి ఒకటి ఎక్కితే పనికొచ్చేది ఒకటి ఆగిపోయినట్టే.

అందుకే ఏరడం దగ్గరే ఎక్కువ సమయం పెడుతున్నాను. ఇక్కడ బాగా నడుస్తోందా అని కాదు, అక్కడ పాడైతే బాగవుతుందా అని చూడాలి. సస్పెన్షన్ లేని, స్టీలు ఫ్రేమ్ ఉన్న 26 అంగుళాల మౌంటెన్ బైక్ వస్తే ప్రాణం లేచివస్తుంది. ఆ టైరు దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది. టైరు పక్కన 559 అనే అంకె ఉందేమో చూడండి, అదే అసలు కొలత. 27 అంగుళాల పాత రేసు సైకిల్ టైరుది 630, 700సీ అనేదానిది 622. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. కానీ ఆ 8 మిల్లీమీటర్ల తేడాతో ఒకదాని టైరు ఇంకోదానికి సరిపోదు. 630 సైకిళ్లు వస్తే టైర్లు కొత్తగా ఉన్నా పక్కన పెట్టేస్తున్నాను. ఆ టైరు అరిగిన రోజున ఆ బండి మూలన పడుతుంది.

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, రెండు వైపులా సస్పెన్షన్, కార్బన్ ఫ్రేమ్ ఉన్నవి తీసుకోవడం లేదు. ఎలక్ట్రిక్ సైకిళ్లు అసలే వద్దు, లిథియం బ్యాటరీలను ఓడ రవాణాలో ప్రమాదకర సరుకు కింద లెక్కిస్తారు. ఇచ్చేవాళ్లకు ఇది నచ్చచెప్పడం కొంచెం కష్టం. "ఇంత ఖరీదైనది వద్దంటారేంటండీ?" అని అడుగుతారు. బ్రేక్ ఆయిల్ దొరకని చోట ఆ బ్రేకు ఏమవుతుందో చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. తుప్పు లోపలికి తినేసిన ఫ్రేమ్, హెడ్ ట్యూబు (హ్యాండిల్ దిగే ముందు గొట్టం) దగ్గర పగులు ఉన్న ఫ్రేమ్ ఎవరిదైనా సరే విడిభాగాల కిందే పోతుంది. పాడైన సైకిల్‌ని సముద్రం దాటించి అక్కడివాళ్ల నెత్తిన వేయడం దానం కాదు.

ఇంకో చిన్న జాగ్రత్త. బీబీ కింద ఉండే ఫ్రేమ్ నంబరు రాసుకుని, ఇచ్చినవాళ్లతో సంతకం చేయించుకుంటున్నాం. దొంగ సైకిల్ మన చేతుల మీదుగా దేశం దాటకూడదు.

ఇక ఈ వారమంతా పట్టిన పని హబ్బులది, అంటే చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగాలది. లేడీస్ సైకిల్ ఒకటి వచ్చింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ వెనక చక్రం తిప్పితే గరగరమంటోంది. ఇరుసు విప్పితే గ్రీజు ఎండిపోయి గోధుమరంగు మైనంలా అంటుకుని ఉంది. వెనక హబ్బులో సాధారణంగా పావు అంగుళం బాల్సు వైపుకు తొమ్మిది, ముందు దానిలో 3/16 అంగుళం బాల్సు వైపుకు పది ఉంటాయి. పాతవి కడిగి మళ్లీ వాడటం కన్నా కొత్తవి వేయడమే మేలు, బాల్సు పెద్ద ఖర్చేమీ కాదు. ఇరుసు మీద బాల్సును నొక్కి పట్టే కోన్‌ని మాత్రం వెలుతురులో తిప్పి చూడాలి. బాల్సు పరుగెత్తే దారిలో చిన్న గుంటలు కనిపిస్తే కోన్ కూడా మార్చాల్సిందే. ఈ బండికి కుడివైపు కోన్ పోయింది, ఎడమది బాగుంది. గ్రీజు నిండుగా పెట్టి, కోన్‌ని చేత్తో బిగించి, కాస్త వెనక్కి తిప్పి, లాక్ నట్టు వేశాను. నట్లు వేసి బిగించే ఇరుసు కాబట్టి చక్రం అటూ ఇటూ ఊగకుండా, వేలితో తోస్తే చాలాసేపు తిరిగేలా సరిచూసుకోవాలి. నట్లకు బదులు లీవరుతో బిగించే క్విక్ రిలీజ్ ఇరుసైతే లీవరు వదులుగా ఉన్నప్పుడు చక్రానికి కాస్త ఆట (ఊగు) ఉండాలి. లీవరు నొక్కగానే ఆ ఆట పోతుంది. అలా వదలకపోతే లీవరు బిగించినప్పుడు బాల్సు నలిగిపోతాయి. కోన్ పానాలు పలచగా ఉంటాయి, 13, 14, 15 సైజులు ఉంటే చాలా హబ్బులకు సరిపోతాయి.

విప్పి బాగుచేయడానికి వీల్లేకుండా మూసి వచ్చే సీల్డ్ బేరింగు కన్నా ఈ పాత రకం హబ్బే నాకు ఇష్టం. పానా, గ్రీజు, కాసిని బాల్సు ఉంటే ఏ చెట్టు కిందైనా బాగుచేసుకోవచ్చు.

ట్యూబు వాల్వుల విషయంలోనూ ఇదే ఆలోచన. సన్నటి ప్రెస్టా వాల్వు ట్యూబులు చాలా చోట్ల దొరకవు. కార్లకూ మోటారు సైకిళ్లకూ ఉండే ష్రేడర్ వాల్వైతే ఏ పంపుతోనైనా గాలి కొట్టుకోవచ్చు. అందుకని రిమ్ము తగినంత వెడల్పుగా ఉంటే ఆరున్నర మిల్లీమీటర్ల రంధ్రాన్ని ఎనిమిదిన్నరకు డ్రిల్ చేసి, అంచును గుండ్రటి ఆకురాయితో నున్నగా చేస్తున్నాను. ఆ అంచు పదునుగా వదిలేస్తే వాల్వు మొదట్లోనే ట్యూబు కోసుకుపోతుంది. రేసు సైకిళ్ల సన్నటి రిమ్ములకు మాత్రం ఈ పని చేయకూడదు, రిమ్ము బలం పోతుంది.

గేర్ లీవర్లు విరిగినవి కొన్ని ఉన్నాయి. లీవరు కోసం వెతుకుతూ కూర్చోకుండా కేబుల్ తీసేసి, చైన్‌ని గేరు నుంచి గేరుకు జరిపే వెనక డెరైలర్‌కి ఉన్న లిమిట్ స్క్రూలతో (అది ఎంతవరకు జరగాలో ఆపేవి) చైన్‌ని మధ్య గేరులో ఆపేస్తున్నాను. డెరైలర్ చైన్ బిగువు చూసుకుంటుంది, బండి ఒకే గేరుతో హాయిగా నడుస్తుంది. చైన్ అరుగుదల స్కేలుతోనే తెలుస్తుంది. కొత్త చైన్‌లో 12 జతల లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి, అంగుళంలో 1/16 వంతు సాగితే మార్చేయాలి.

క్యారియర్ గురించి ప్రత్యేకంగా రాయాలి. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో మొదలైన వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ 24 వేలకు పైగా సైకిళ్లు ఇచ్చింది. తర్వాత ఆఫ్రికా కోసం బఫెలో అనే కొత్త సైకిల్‌నే తయారు చేయించింది. దాని వెనక క్యారియర్ 100 కిలోల బరువు మోస్తుంది. ఆ సంఖ్య చూస్తే అక్కడ సైకిల్ అంటే ఏమిటో తెలుస్తుంది. నీళ్లు, ధాన్యం, ఆస్పత్రికి వెళ్లాల్సిన మనిషి, అన్నీ ఆ క్యారియర్ మీదే. బడికి వెళ్లే ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. బిహార్‌లో 2006లో మొదలైన బాలికల సైకిల్ పథకంతో హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య బాగా పెరిగిందని అధ్యయనాల్లో తేలింది. మన పాత సైకిళ్లు బఫెలోలు కావు. అయినా వెనక ఇరుసు దగ్గర క్యారియర్ బోల్టుకు రంధ్రం ఉన్న ఫ్రేములకు ప్రాధాన్యం ఇస్తున్నాను, విడిగా దొరికిన క్యారియర్లన్నీ వాటికే బిగిస్తున్నాను.

ఉచితంగా ఇవ్వాలా, తక్కువ ధరకు అమ్మాలా అన్న చర్చ మాలోనూ నడిచింది. నేను అమ్మడం వైపే ఉన్నాను. ఊరినిండా ఉచిత సైకిళ్లు దింపితే అక్కడ సైకిళ్లు అమ్ముకునేవాళ్ల, రిపేర్లు చేసుకునేవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుంది. నమీబియాలో కంటైనర్‌నే రిపేరు షాపుగా మార్చి స్థానికులకు అప్పగించిన పద్ధతి ఉంది. ఘానాలో విలేజ్ బైసికిల్ ప్రాజెక్ట్ రిపేరు నేర్చుకున్నవాళ్లకు తగ్గింపు ధరకు సైకిల్ ఇస్తుంది. వచ్చిన డబ్బుతో మెకానిక్‌కి జీతం వస్తుంది, తర్వాతి కంటైనర్ రవాణాకూ కొంత కలిసొస్తుంది.

ప్యాకింగ్‌కి వస్తే, ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే ఊడుతుంది. 15 సైజు పానాతో విప్పి, మరకు గ్రీజు రాసి, రెండు పెడల్స్‌నూ సంచిలో వేసి ఆ సైకిల్‌కే కట్టేయాలి. పాత రకం హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేమ్‌లోకి దింపే కాడ) బోల్టు నాలుగు చుట్లు వదులు చేసి, పైన చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తే లోపలి చీల వదులుతుంది. అప్పుడు హ్యాండిల్‌ను చక్రానికి సమాంతరంగా తిప్పి, సీటు పూర్తిగా కిందికి దించాలి. టైర్లలో కాస్త గాలి ఉంచాలి, లేకపోతే ఒత్తిడికి రిమ్ములు బెండు పోతాయి. టైర్లకున్న మట్టి మాత్రం బ్రష్‌తో కడిగి తీరాలి. మట్టి, గడ్డి గింజలు కనిపిస్తే రేవులో క్వారంటైన్ అధికారులు ఆపేస్తారు. కంటైనర్ రేవులో ఆగిన కొద్దీ అద్దె పెరుగుతూ పోతుంది. ఆ టెన్షన్ అక్కడ సరుకు అందుకునేవాళ్లకు పెట్టకూడదు.

విడిభాగాల పెట్టె ఇంకా సగమే నిండింది. బ్రేకు షూలు, ఇన్నర్ కేబుళ్లు, ప్యాచ్‌లు, సొల్యూషన్ ఉన్నాయి. 26 అంగుళాల ట్యూబులు, చైన్ కట్టర్, పావు అంగుళం బాల్సు కావాలి. వచ్చే వారం చక్రాల బెండు తీయడం మొదలుపెడతాను. పుల్లలు విరిగినవి ముందు, వంకర తక్కువగా ఉన్నవి తర్వాత.