బోరు నీళ్ళ లెక్క: గీజర్ నుంచి వాషింగ్ మెషిన్ దాకా

ఫిబ్రవరి

మాది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్. నల్లా నీళ్ళు వంటింటి వరకే సరిపోతాయి, మిగతా అవసరాలన్నీ బోరు మీదే. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ మాట వస్తే చాలు, నీళ్ళలో కరిగినవన్నీ కలిపి ఎంతో చూపే టీడీఎస్ మీటర్‌ను అందరూ బయటికి తీస్తారు. ఆ మీటర్ చూసేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందన్నదే. మామూలు ఉప్పు కలిపినా అంకె పెరుగుతుంది, కానీ ఉప్పు వల్ల గీజర్‌లో సున్నం పట్టదు. సున్నానికి కారణం కాల్షియం, మెగ్నీషియం. నీళ్ళలో ఆ రెండూ ఎంత ఉన్నాయన్నదే హార్డ్‌నెస్. దాన్ని కొలవాలంటే హార్డ్‌నెస్ కిట్ కావాలి. చుక్కలు వేసి చూసే రకం కొన్నాను.

పద్ధతి తేలికే. కొలిచిన నీళ్ళలో బఫర్, తర్వాత రంగు పొడి వేస్తే నీళ్ళు ద్రాక్షరసంలా ఎర్రబడతాయి. ఆపైన కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే ఈడీటీఏ ద్రావణం చుక్క చుక్కగా వేస్తూ కలుపుతూ పోతే ముందు ఊదా రంగు, చివరికి ఎరుపు ఛాయే లేని నీలం. ఊదా దగ్గర ఆపేస్తే లెక్క తక్కువ వస్తుంది. తెల్ల కాగితం మీద పెట్టి పగటి వెలుగులో చూడాలి.

బోరు నీళ్ళ హార్డ్‌నెస్ కాల్షియం కార్బనేట్ లెక్కలో లీటరుకు 520 మిల్లీగ్రాములు, నల్లా నీళ్ళది 160. భారతీయ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళకు 200 మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా పరవాలేదు. అది మనుషులకు పెట్టిన హద్దు, హీటర్ కాయిల్‌కు కాదు. కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడకపోతే "ఇవి ఉప్పు నీళ్ళు" అని అమ్మ ఏ కిట్టూ లేకుండానే తేల్చేస్తుంది. నిజమే మరి, కాల్షియం పప్పులోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిగా ఉంచుతుంది.

మార్చి

లీటరు బోరు నీళ్ళు పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, వడకట్టి, ఆవిరైన మేరకు డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్ళీ కొలిచాను. 210 వచ్చింది. అంటే సగానికి పైగా బైకార్బనేట్ రూపంలో ఉండి, వేడికి సున్నపురాయిగా విడిపోయేదే.

ఇంట్లో రోజుకు వంద లీటర్లు వేడి చేస్తామనుకుంటే, ఆ నీళ్ళతో గీజర్‌లోకి వెళ్ళేది 50 గ్రాములు, నెలకు కిలోన్నర. అంతా లోపలే ఆగదు, చాలా వరకు నీళ్ళతోనే బయటికి పోతుంది. ఆగిన కాస్తా పేరుకునేది మాత్రం అన్నిటికన్నా వేడిగా ఉండే కాయిల్ మీదే.

వారంటీ అయిపోయిన గీజర్ కాబట్టి విప్పించాను. ఎంసీబీ (కరెంటు స్విచ్) ఆపి, నీళ్ళు ఖాళీ చేసి కాయిల్ మూత (ఫ్లాంజ్) నట్లు తీశాక ట్యాంకు అడుగున కోడిగుడ్డు పెంకుల్లాంటి ముక్కలు గుప్పెడు వచ్చాయి. కాయిల్ వంపుల మధ్య సందే కనిపించలేదు. పక్కనున్న మెగ్నీషియం రాడ్ అరిగి లోపలి ఇనుప తీగ బయటపడింది. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును తన మీదికి తీసుకునే రాడ్ అది. సున్నం వదిలించినా దాన్ని మార్చకపోతే ట్యాంకు కారడం ఖాయం.

లీటరు గోరువెచ్చని నీళ్ళలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, కరెంటు కనెక్షన్లు తడవకుండా కాయిల్‌ను ముంచాను. బుడగలు ఆగిపోతే ద్రావణం పని అయిపోయినట్టే, కొత్తది కలపాలి. మరీ వేడి నీళ్ళు వద్దు, కాల్షియం సిట్రేట్ వేడిలో సరిగ్గా కరగక తెల్లగా అడుగున దిగుతుంది. ప్లంబర్ బాత్రూమ్ యాసిడ్ పోద్దామన్నాడు. వద్దన్నాను, అది రాగిని కూడా తింటుంది. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయించి, ఎర్తింగ్ చూపించి, థర్మోస్టాట్ 50 డిగ్రీల దగ్గర పెట్టించాను. 60 దాటితే సున్నం పట్టే వేగం బాగా పెరుగుతుంది. ఇదివరకు గీజర్ వేస్తే వచ్చే టపటప చప్పుడు ఇప్పుడు లేదు.

జూన్

వాషింగ్ మెషిన్‌కు ఇంత శ్రమ పడలేదు. ఇన్‌లెట్ జాలీ విప్పి బ్రష్‌తో తోమి, బట్టలు లేకుండా డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి 60 డిగ్రీల మీద తిప్పాను. అదే రోజు బ్లీచ్ మాత్రం వాడకూడదు, యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

తాగే నీళ్ళ ఆర్వో ఫిల్టర్ నుంచి వృథాగా పారే నీళ్ళను మెషిన్‌కు వాడమని చాలామంది చెబుతుంటారు. మా దాని నీళ్ళు కొలిస్తే హార్డ్‌నెస్ నల్లా నీళ్ళకంటే ఎక్కువే ఉంది. బోరు నీళ్ళు పెట్టే ఆర్వో అయితే ఇంకా చిక్కగా ఉంటుంది. టాయిలెట్‌కు సరే, మెషిన్‌కు వద్దు.

ఆగస్టు

వానలు పడ్డాక బోరు నీళ్ళ హార్డ్‌నెస్ 430కి దిగింది. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి కొలవకుండా సాఫ్ట్‌నర్ (హార్డ్‌నెస్ తీసేసే పరికరం) సైజు తేల్చుకోకండి.

ఇల్లంతటికీ పెద్ద సాఫ్ట్‌నర్ అని అమ్మేవాళ్ళు ఒకటే పోరు. టాయిలెట్‌కు మెత్తని నీళ్ళెందుకు? గీజర్లకూ మెషిన్‌కూ వెళ్ళే పైపు మీద పది లీటర్ల రెసిన్ (కాల్షియంను పట్టుకుని సోడియం వదిలే గుళికలు) ఉన్న సిలిండర్ పెట్టించాను. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాముల హార్డ్‌నెస్ పడుతుంది, కాబట్టి మా నీళ్ళకు వెయ్యి లీటర్ల దాకా వస్తుంది. కొలిస్తే 20 లోపే. టీడీఎస్ మాత్రం తగ్గలేదు. కాల్షియం పోయి సోడియం వచ్చింది మరి. అందుకే ఈ లైన్ వంటింటికి ఇవ్వలేదు, ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళు ఉన్నారు.

రెసిన్ మళ్ళీ పనిచేయాలంటే వారానికోసారి కిలోన్నర కల్లుప్పు నీళ్ళలో కరిగించి సిలిండర్‌లోకి మెల్లగా పంపాలి. తర్వాత ఉప్పదనం పోయేదాకా కడిగి వదిలేయాలి. ఆ నీళ్ళు డ్రైనేజీలోకే, కుండీల్లో పోయకండి.