పాత గేర్‌బాక్స్‌కు అదనపు తోక

ట్రయంఫ్ టీఆర్3 అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు నుంచి దించిన గేర్‌బాక్స్‌లో కొన్ని భాగాలు అంతుపట్టడం లేదని మిత్రుడు కబురు చేయడంతో తెల్లవారకముందే బయలుదేరాను. దారిలో చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు; షెడ్డులో అడుగుపెట్టాక మాత్రం పొద్దు వాలేదాకా బల్ల వదల్లేదు.

మామూలు గేర్‌బాక్స్ వెనుక మరొక పెట్టె తోకలా బిగించి ఉంది, దాని నడుమ పోత ఇనుప వలయం కనిపిస్తోంది. పక్కనున్న స్తూపాకారపు భాగాన్ని మిత్రుడు స్టార్టర్‌కు సంబంధించినదనుకున్నాడు. ఇలాంటప్పుడు రూపాన్ని బట్టి పేరు పెట్టేయకుండా, ఏది దేన్ని కదిలిస్తుందో వెతుక్కుంటూ పోవడమే నాకు నమ్మకమైన పద్ధతి. మసి తుడవగానే బయటపడిన రేకుపై అంకెలు 22తో మొదలయ్యాయి. అది లేకాక్ డి నార్మన్‌విల్ రకం ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజను వేగం పెంచకుండానే చక్రాలను మరింత వేగంగా తిప్పే అదనపు గేర్ల పెట్టె. 22 అంటే వేగంలో 22 శాతం పెంపు, అంటే 0.82 నిష్పత్తి: లోపలికి వచ్చే షాఫ్టు 0.82 చుట్టు తిరిగితే బయటిది ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. 1948 నాటి స్టాండర్డ్ వాన్‌గార్డ్ అనే కారుతో ఈ ఏర్పాటు కార్లలోకి వచ్చింది.

మిత్రుడు స్టార్టర్‌దనుకున్న ఆ స్తూపం సోలినాయిడ్, అంటే కరెంటు ఇస్తే లోపలి కడ్డీని లాగే విద్యుదయస్కాంతం. అది వాల్వును ఎత్తితే, గేర్‌బాక్స్ ఆయిలే పీడనంతో పిస్టన్లను తోసి, శంకువు ఆకారపు క్లచ్‌ను ఇనుప వలయానికి అదుముతుంది. అప్పుడు పెట్టెలోని గేర్లలో మధ్యది ఆగిపోయి, బయటి షాఫ్టు గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు కంటే వేగంగా తిరుగుతుంది. పై మూతలోని చిన్న స్విచ్‌లు కూడా అలంకారానికి కావు. రివర్స్ గేరులో ఓవర్‌డ్రైవ్ పడితే ఒకే దిశలో తిరగనిచ్చే లోపలి ఏకదిశ క్లచ్ దెబ్బతింటుంది కనుక అవి కరెంటును అడ్డుకుంటాయి.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది అవతలి పక్క మీటలోని చిన్న రంధ్రం. సోలినాయిడ్ పూర్తిగా లోపలికి లాగినప్పుడు అది పెట్టెలోని రంధ్రంతో సరిగ్గా కలవాలి. 3/16 అంగుళాల కడ్డీ రెండింటిలోనూ దూరాలి. కలవకపోతే సోలినాయిడ్ లోపలి కాంటాక్టు తెరుచుకోక, దాన్ని లాగే తీగచుట్టలో భారీ కరెంటు ప్రవహిస్తూనే ఉండి అది కాలిపోతుంది. ఇక్కడ రంధ్రాలు వెంట్రుకవాసి తప్పాయి. కడ్డీ దూర్చి, బోల్టు వదులు చేసి, మీటను సరిచేసి మళ్లీ బిగించాం. 12 వోల్టుల బ్యాటరీ కలపగానే టక్కుమని శబ్దం వచ్చింది, కరెంటును కొలిచే అమ్మీటరు ముల్లు ఒక్కసారి ఎగిరి, సుమారు ఒక ఆంపియరు దగ్గర నిలిచింది.