రోట్లో మట్టి

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆటో అతను రానూపోనూ పన్నెండు వందలు అన్నాడు. అక్కడ గంట దాటితే గంటకు ఇంకో రెండు వందలు. హైదరాబాదు నుంచి కర్నూలుకు ఇద్దరికీ కలిపి అంత కాలేదు కదయ్యా అని గట్టిగానే అడిగాను. "వానలు పడితే ఈ దావే ఉండదు సార్. ఈ రెండు నెలలే మాకు" అన్నాడు. నేను బేరమాడుతుండగానే నాయన వెళ్లి ఎక్కి కూర్చున్నాడు, చేతికర్ర కాళ్ల మధ్య పెట్టుకుని.

శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగే సంగమేశ్వరం గుడికి తీసుకుపొమ్మని ఆయన అడగడం ఇది నాలుగో ఏడు. ఒకసారి పిల్లల పరీక్షలు అన్నాను, ఒకసారి ఆఫీసులో ఆడిటు. పోయినేడు నాకు సెలవు దొరికేసరికి ఎగువ నుంచి నీళ్లు వచ్చేశాయి. శ్రీశైలం డ్యాం నిండితే 885 అడుగులు. అన్ని నీళ్లున్నప్పుడు గుడి కనపడదు. వేసవికి మట్టం దిగితే కొన్ని నెలలు బయటికొస్తుంది, కృష్ణ మళ్లీ పొంగగానే లోపలికి పోతుంది. డ్యాం కట్టాక మొదటిసారి తేలింది 2003లోనే. అన్నేళ్లు దేవుడే ఆగాడు, ఇంకో ఏడాదికి ఏం పోతుందిలే అనుకునేవాణ్ణి. నాయనకు డెబ్బై ఆరు. ఈసారి సంక్రాంతికి ఇంటికెళ్తే, మంచం మీంచి లేవడానికి ఆయన రెండుసార్లు ప్రయత్నించడం చూశాను. వచ్చిన వెంటనే మే నెలకు సెలవు పెట్టాను.

దారి సంగతి చెప్పేదేం లేదు, అంతా దుమ్మే. గుడి గోడల మీద ఎండిన బురద, పొరలు పొరలుగా. లోపల వేపదారు శివలింగం. ధర్మరాజు ప్రతిష్ఠ అంటారు. లింగం తేవడానికి కాశీకి పోయిన భీముడు ముహూర్తానికి రాలేదని వేపమొద్దునే నిలిపారట. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో నానే చెక్క, పుచ్చు పట్టకుండా అలాగే ఉంది. నీళ్లు పైకొచ్చే రోజుల్లో గర్భగుడి మునిగేదాకా పూజ చేసి, ఆ తర్వాత పడవలో వచ్చి శిఖరానికి హారతి ఇస్తారు. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి అని నాయన వేళ్లు మడుస్తూ అక్కడ కలిసే ఏడు నదుల పేర్లూ చెప్పాడు. నాకు ఐదు కూడా రావు.

అరగంటలో దర్శనం అయిపోయింది. ఇక పోదామా అన్నాను. నాయన జవాబు చెప్పకుండా గుడి వెనక్కి, రేగడి నెర్రెలిచ్చిన వైపు నడిచాడు. మా ఊరు అక్కడే ఉండేది. 1981లో ముంపు ఊళ్లన్నీ ఖాళీ చేయించినప్పుడు బుల్డోజర్లు వచ్చాయి. ఇంటికో ఉద్యోగం అన్నారు. తర్వాత ముంపు బాధితుల ఉద్యోగాల కోసం వచ్చిన 98 జీవో కాగితం పట్టుకుని నాయన పదేళ్లకు పైగా తిరిగాడు. ఉద్యోగం రాలేదు, ఆయన వయసే అందులో అయిపోయింది. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. నేనే అంటున్నాను.

పునాది రాళ్ల మధ్య అటూ ఇటూ తిరిగి, గుడి శిఖరం వైపు ఒకసారి చూసి, ఇరవై అడుగులు లెక్కబెట్టి నడిచి, కర్రతో నేల మీద పొడిచాడు. రాయి తగిలింది.

"ఈడే. మీ జేజి రోలు."

జేజి అంటే మా నాయనమ్మ. భూమిలో పాతిన రోలు, అంచు మాత్రమే పైకుంది. నాయన కూలబడి బొటనవేలితో గుంతలో మట్టి తియ్యడం మొదలుపెట్టాడు. గట్టిపడిన ఒండ్రు, పెచ్చులు పెచ్చులుగా వస్తోంది. లోపల రాయి నున్నగా ఉంది, అద్దం మాదిరి. మట్టి అంతా తీశాక అరచెయ్యి అందులో పెట్టి అలాగే ఉంచాడు.

"బండిలో చోటు లేక ఇడిసిపెట్టినాం. కొర్రలు దంచేటప్పుడు జేజి పాట పాడుతుండె. రా, కూచో."

జేబులో ఫోను మోగింది. ఆటో అతను. గంట దాటిందట. నాలుగింటి బస్సు పోతే మళ్లీ ఏడింటికే. ఎక్కువ అడుగుతున్నాడన్న కోపం ఇంకా పోలేదు. కానీ నాయన రోలు అంచు మీద నా కోసం చోటు తుడుస్తున్నాడు. ఎంతయినా ఇస్తాను, పొద్దు గూకేదాకా ఉండమని చెప్పి ఫోను పెట్టేశాను.

ఆ పూట జేజి పాడిన పాట మొత్తం విన్నాను. నాయనకు పాట వచ్చని నాకు నలభై ఆరేళ్లకు తెలిసింది. రెండో చరణం మరిచిపోయి ఆగాడు, చాలాసేపు నీళ్లకేసి చూశాడు, గుర్తొచ్చింది. దూరంగా జాలర్లు పుట్టి ఒడ్డుకు లాగుతున్నారు. లేచేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు, ఈసారి ఒక్క ప్రయత్నంలోనే లేచాడు.

ఆటోకు రెండు వేలయింది. ఏడింటి బస్సులో నాయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. గోళ్లలో ఒండ్రు మట్టి అలాగే ఉంది.

ఇప్పుడు ప్రతిరోజూ పొద్దున పేపర్లో శ్రీశైలం నీటిమట్టం చూడ్డం అలవాటయింది. నేను చూడకపోయినా ఆరున్నరకు ఫోను వస్తుంది.

"ఎంతుందిరా ఈ పొద్దు?"

"858, నాయనా."

"దిగుతాది."